పేరు చెప్తే ఇల్లు చూపించేవాళ్లు

పోయిన దసరాకు పావగడ ఇంటికి పోయినప్పుడు నెట్టు పని చేయలేదు. ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉంది, కానీ పుణేలో ఉండే అత్తకు వీడియో కాల్ పోవడం లేదు. "నువ్వు కంప్యూటర్ పనే కదరా చేసేది, చూడు" అనింది అవ్వ. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు ఎక్కడుందో వెతకడమే పని కాబట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

ఇట్లాంటప్పుడు దగ్గర నుంచి దూరానికి చూసుకుంటా పోవాలి. మొదట రౌటర్‌కు పింగ్ కొట్టాను. మా ఇంట్లో దాని అడ్రస్ 192.168.1.1. పింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. "ఉన్నావా?" అని చిన్న ప్యాకెట్ పంపి, "ఉన్నా" అనే జవాబు కోసం చూస్తుంది. జవాబొచ్చింది. అంటే ఇంట్లో తప్పు లేదు. తర్వాత బయట ఉండే 8.8.8.8ను అడిగాను. అదీ పలికింది. అంటే లైనూ బాగానే ఉంది. ఒక వెబ్‌సైట్‌ను పేరు పెట్టి అడిగితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

దారి ఉంది, ఊరుంది, పేరు చెప్తే ఇల్లు చూపించేవాళ్లే లేరు. ఆ పని డీఎన్‌ఎస్‌ది. మెషీన్లకు కావాల్సింది నంబర్లు, మనకు గుర్తుండేది పేర్లు. మొదట్లో అన్ని పేర్లూ నంబర్లూ ఒకే ఫైలులో రాసి, అందరూ దాన్నే కాపీ చేసుకునేవాళ్లు. మెషీన్లు పెరిగేసరికి అది సాగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించి, ఆ పేర్ల బరువును చాలా సర్వర్లకు పంచే దారి చూపించాడు.

రౌటర్‌లో డీఎన్‌ఎస్ అడ్రస్ మార్చాను. అత్త ముఖం కనబడింది.

మాటలయ్యాక ఇదంతా అవ్వకు చెప్తే, "అయితే నా మాదిరే అన్నమాట" అని నవ్వింది. నిజమే. మడకశిరలో మనకు ఎవరేమవుతారు, హిందూపురంలో ఏ ఇంటి ఆడబిడ్డ ఉంది, అన్నీ అవ్వకే తెలుసు. పెళ్లి కార్డులు పంచాలన్నా నాయన అవ్వనే అడుగుతాడు.

ఆ సాయంత్రం అవ్వ నన్ను చిన్నాయన పేరుతో పిలిచింది. చిన్నాయన పోయి 9 ఏండ్లయింది. మళ్లీ అదే పేరుతో పిలిచింది. దిద్దడానికి నోరు రాలేదు. "ఆఁ, వస్తా ఉన్నా" అని పలికాను.

డీఎన్‌ఎస్‌లో ఒక డొమైన్‌కు కనీసం 2 నేమ్ సర్వర్లు ఉండాలనేది నియమం. ఒకటి పడిపోతే ఇంకోటి జవాబు చెప్పాలి. మన ఇంటికి ఉండేది ఒక్కటే. నాకు తెలిసిందంతా క్యాష్, అంటే ఎప్పుడో విని దాచుకున్న జవాబులు. క్యాష్‌లో ప్రతి జవాబుకూ ఒక గడువుంటుంది, టీటీఎల్ అంటారు. అది తీరితే మళ్లీ అడగాల్సిందే. అడగడానికి చెప్పేవాళ్లు ఉండాలి కదా.

మరుసటి రోజు పొద్దున్నే నోట్‌బుక్ తీసుకొని అవ్వ పక్కన కూర్చున్నాను. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి, అవ్వ చెప్పే వేగానికి చేతికి రాలేదు. తెలుగు మాటల్నే కన్నడ అక్షరాల్లో రాసుకున్నాను. ఇప్పటికి 43 పేర్లయినాయి. తెలుగులోకి ఎత్తి ఒక్కొక్కటీ ఇక్కడే పెడతాను.

మడకశిర పెద్దత్తకు కూతుళ్లు ఇద్దరని ఒకరోజు, ముగ్గురని ఇంకోరోజు చెప్పింది అవ్వ. రెండూ రాసి పెట్టాను. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.