ఆ స్క్రూ తిప్పింది నేనే

1996 శీతాకాలంలో నేను సౌదీ అరేబియాలోని అబ్హా పట్టణంలో ఒక కుటుంబానికి డ్రైవరుగా పనిచేసేవాడిని. అరబ్బు దేశమనగానే ఎండ తప్ప మరొకటి తోచని మా రాయచోటి వారికి అక్కడి చలిని గురించి చెబితే ఇప్పటికీ నమ్మరు. సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉన్న కొండ ఊరు అది. ఫజ్ర్ నమాజు ముగించి వచ్చేసరికి కారు అద్దాలు పొగమంచుతో తడిసి ఉండేవి. వారంలో మూడు రోజులు ఆ వేళలోనే యజమాని తల్లిగారిని డయాలసిస్‌కు తీసుకువెళ్లాలి.

కారు 1981 నాటి మెర్సిడెస్ 230ఈ. దానికి కార్బురేటరు లేదు, కంప్యూటరూ లేదు. బాష్ వారి కే-జెట్రానిక్ అనే యాంత్రిక ఇంజెక్షన్ ఉండేది. ఉదయం స్టార్టయిన మరుక్షణమే ఇంజిన్ ఆగిపోయేది. వెనుక సీటులో ఆ వృద్ధురాలు వణుకుతూ కూర్చుంటే నాకు తలవంపుగా ఉండేది. ఒకనాడు బానెట్ ఎత్తి, చల్లని ఇంజిన్ మీదనే ఐడిల్ స్క్రూను తిప్పివేశాను. ఇంజిన్ నిలిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వేడెక్కిన తరువాత అదే స్క్రూ ఏమి చేస్తుందో ఆలోచించలేదు. ఆసుపత్రి నుండి వచ్చాక ఇంటి ముందు రివర్స్ గేరు వేయగానే కారు ఒక్కసారిగా వెనక్కి గెంతింది. యజమాని ఆరేళ్ల కుమారుడు అక్కడే నిలబడి ఉన్నాడు. బ్రేకు పడింది, జానెడు దూరంలో బండి ఆగింది.

"ఏమైనా మార్చావా?" అని యజమాని అడిగాడు.

"లేదు, బండి పాతబడింది" అన్నాను.

మరునాడు బండిని పెషావరు నుండి వచ్చిన ఒక వృద్ధ మెకానిక్ దగ్గరకు తీసుకుపోయాను. ఖాన్ చాచా అని అందరూ పిలిచేవారు. ఆయన స్క్రూను ముట్టుకోలేదు. చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేయించి, ఒక రబ్బరు గొట్టాన్ని వేళ్లతో నొక్కాడు. శబ్దంలో మార్పు లేదు.

"చూశావా బేటా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇది నొక్కితే వేగం పడిపోవాలి. పడలేదంటే లోపల గాలే రావడం లేదు."

ఆ గొట్టం చివర చిన్న గాలి వాల్వు ఉంటుంది. చలిలో దాని లోపలి ద్వారం తెరుచుకొని, థ్రాటిల్‌ను దాటించి అదనపు గాలిని పంపుతుంది. ఆ గాలి కూడా కొలత పళ్లెం మీదుగానే పోతుంది గనుక దానికి తగిన పెట్రోలూ అందుతుంది. ఇంజిన్ నడుస్తూ ఉండగా విద్యుత్తుతో లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగుతుంది, కొన్ని నిమిషాలలో ద్వారం మూసుకుంటుంది. ఐడిల్ స్క్రూ మాత్రం వేడెక్కిన ఇంజిన్ కోసమే. నేను ఒకదాని పనిని మరొకదానికి అప్పగించాను.

చాచా వాల్వును ఊడదీసి పక్క టీ కొట్టు ఫ్రీజరులో పెట్టించాడు. (కొట్టువాడు సణిగాడు గానీ కాదనలేదు.) బయటికి తీసి చూస్తే ద్వారం మూసే ఉంది, నూనె జిడ్డు పట్టి బిగిసిపోయింది. పెట్రోలుతో కడిగి మళ్లీ చల్లబరచి, టార్చి వెలుగులో నాకు చూపించాడు. నెలవంకంత సందు తెరుచుకొని ఉంది. బిగించాక ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి, మీటరు పెట్టి, నేను తిప్పిన స్క్రూను వెనక్కి తెచ్చాడు.

"దీన్ని ఎవరు తిప్పారు?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఆ రాత్రి యజమాని గదికి వెళ్లి, స్క్రూ తిప్పింది నేనేనని, అబద్ధమాడానని చెప్పాను. ఆయన చేయి చాపి తాళాలు తీసుకున్నాడు. రెండు రోజులు తల్లిగారిని తానే ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. ఇంటికి టికెట్టు కొనిపెడతాడేమోనని నేను పెట్టె సర్దుకున్నాను. మూడవ రోజు తెల్లవారుజామున తలుపు తట్టి, తాళాలు నా చేతిలో పెట్టాడు.

"వేడి మీద ఇప్పుడు ఎంత తిరుగుతోంది?"

"ఎనిమిది వందలు" అన్నాను.

ఆయన తల ఊపి, తల్లిగారిని తీసుకురావడానికి లోపలికి వెళ్లాడు.