గరిటె పట్టడానికీ చదువు ఉంది

మేము గుంటూరు జిల్లాలోని ఒక పల్లె నుండి వచ్చి అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో స్థిరపడిన దంపతులము. నలభై ఏళ్ళు దాటిన తరువాత మేమిద్దరము మరల విద్యార్థులమయ్యాము. మేము చదివినది హోటలు, రెస్టారెంటు నిర్వహణ. ఈ సంగతి ఊరికి చేరగానే మా పిన్నమ్మ ఫోనులో, "అంత దూరం పోయి గరిటె పట్టుకోవడం చదువుతున్నారంట, నిజమేనా అబ్బాయీ?" అని అడిగింది. ఆమెకు చెప్పిన జవాబే మీకును వ్రాస్తున్నాము.

2020 మార్చిలో కరోనా వలన హోటళ్ళు ఖాళీ అయ్యాయి. మేము పనిచేసే చోట గదులు శుభ్రపరచేవారిని, వంటగదిలోని వారిని ముందుగా ఆపివేశారు. మాలో ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ. ఇద్దరు పిల్లలు, ఇంటి అద్దె, ఊరిలో అమ్మ మందులు. మరల పిలుపు వచ్చేసరికి ఏడాది గడిచింది. ఎన్నో ఏళ్ళ అనుభవమున్నా మా చేతిలో పట్టా లేదు. పట్టా ఉన్నవారే పై పనికి ఎక్కుతున్నారు. అందుచేత 2021లో దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో సాయంకాలపు తరగతులలో చేరాము.

కమ్యూనిటీ కాలేజీ అనగా ప్రజల పన్నుల సహాయముతో నడిచే రెండేళ్ళ కాలేజీ. ఈ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో 1901లో మొదలైనది, దేశంలో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అతి పాతది. స్థానికులకు ఫీజు తక్కువ. వయస్సు అడ్డు కాదు. మా తరగతిలో పద్దెనిమిదేళ్ళ పిల్లలు, మనుమలున్న అవ్వలు ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు.

గరిటె పట్టడము ఈ చదువులో కొంత భాగమే. పది డాలర్లకు అమ్మే భోజనములో సరుకులకు మూడు డాలర్లయితే, మిగిలిన ఏడులో జీతాలు, అద్దె, కరెంటు పోగా నిలిచేదే లాభము. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు అమ్ముకోలేము. ఇటువంటి లెక్కలు నేర్చుకున్నాము. వండిన పదార్థము 5 నుండి 57 డిగ్రీల సెల్సియస్ వేడిలో చాలాసేపు ఉంటే క్రిములు త్వరగా పెరుగుతాయి. కోడిమాంసము లోపలి వేడి 74 డిగ్రీలకు చేరాలి. మిగిలిన కూరను పెద్ద గుండిగలో మూతపెట్టి ఉంచక, లోతు తక్కువ పళ్ళేలలో పరచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మన పెళ్ళి విందులలోను ఇది పనికివచ్చే మాట.

పని ముగించి చదువుకొనుటవలన రెండేళ్ళ చదువుకు మూడేళ్ళు పట్టింది. ఆ సాయంకాలాలలో మా పెద్దమ్మాయే అన్నము వండి తమ్మునికి పెట్టేది. 2024లో పట్టాలు అందుకున్నాము. ఇప్పుడు ఒకరము గదుల పని పర్యవేక్షిస్తున్నాము, ఒకరము వంటగది సరుకుల లెక్క చూస్తున్నాము. అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు ఈ చదువు కోరితే దేశము దాటనక్కరలేదు. హైదరాబాదులోనే ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉన్నది. ఎక్కడ చేర్చినను, ఫీజు కట్టకముందే వంటగది చూడండి, హోటలులో ఎన్ని నెలల శిక్షణ ఇస్తారో అడగండి. లోకమంతా పండుగ చేసుకొనే రోజున తాము నిలబడి పనిచేయాలని బిడ్డలకు ముందే చెప్పండి. ఇంటికి వచ్చినవారికి అన్నము పెట్టుట మనకు గౌరవము గదా. అదే పనిని జీతానికి చేసే బిడ్డను చిన్నచూపు చూడకండి.