బంటుమిల్లి బజారులో పెడన పువ్వులు

బందరు నుంచి పెడన మీదుగా బంటుమిల్లికి బస్సులో పోతుంటే దారి పొడుగునా నీళ్ళే. ఒకప్పటి వరిమడులు చాలావరకు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయినవి. కొంగలకు మాత్రం ఏ లోటూ రాలేదు.

నా వెంట పాత శిష్యుడొకడున్నాడు. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం. తల్లికి కలంకారీ చీరె కొనాలని వాడి ముచ్చట. బజారులో ఒక దుకాణదారు రెండు చీరెలు పరిచాడు. లత అదే, నెమలి అదే. ఒకదాని ధర మాత్రం రెండవదానిలో పావువంతు!

"తక్కువది మిల్లుదండీ. పెడన గుడ్డను ఫొటో తీసి యంత్రం మీద వేసేస్తారు," అన్నాడు. దాచకుండా చెప్పినందుకు మెచ్చుకోవాలి. తేడా ఏమిటంటే అంచు పట్టుకొని చూపించాడు. చేత్తో అద్దేటప్పుడు అచ్చుకూ అచ్చుకూ నడుమ వెంట్రుకవాసి జరుగుతుంది. మిల్లువారు ఆ జరుగుడును కూడా వదలలేదు! కాని వారి గుడ్డలో ఆ వంకర మళ్ళీ మళ్ళీ సరిగ్గా అంతే దూరాన పడుతుంది. మనిషి చెయ్యి అట్లా తప్పదు గదా.

తిరుగుదారిలో పెడనలో దిగాము. షెడ్డులో ఒక పెద్దాయన టేకు అచ్చుతో అద్దకం వేస్తున్నాడు. రంగుకొక అచ్చు. ముందు గుడ్డను కరక్కాయ నీటిలో ముంచి ఆరవేస్తారు. పాత ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరవేస్తే వచ్చే రసం, కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట అద్దేది ఉత్త పటిక. తరువాత గుడ్డను పారేనీటిలో జాడించి రంగు కాగులో ఉడికిస్తే, పటిక పడినచోటనే ఎరుపు నిలుస్తుంది.

"కొత్త అచ్చు చెక్కించి నాలుగు చీరెలు అమ్మేలోపల నకలు బజారుకు వచ్చేస్తుంది బాబూ. చెక్కుడు కూలి మాకు, అమ్మకం వాళ్ళకు," అన్నాడాయన.

"మా లైనులోనూ ఇంతే మాస్టారూ," అన్నాడు శిష్యుడు. సినిమా వేళలూ విమానాల వేళలూ ఇంటర్నెట్టు నుంచి తెచ్చి ఒకచోట చూపించే వాట్సన్ అనే ప్రోగ్రాము ఒక చిన్న సంస్థ తయారు చేసిందట. 2002లో ఆపిల్ కంపెనీ తన షెర్లాక్‌లో ఇంచుమించు అవే సదుపాయాలు పెట్టి కంప్యూటరుతోనే ఇచ్చేసింది. ఊరికే వచ్చేదానికి డబ్బెవరిస్తారు? అప్పటి నుంచీ ఇట్లాంటి దెబ్బకు ప్రోగ్రాములు రాసేవాళ్ళలో "షెర్లాకయిపోవడం" అనే మాటే పుట్టిందట.

పెడన వారికి ఈ దెబ్బ పాతదే. ఇంగ్లీషువారు 1611లో బందరులో కోఠీ పెట్టి మన గుడ్డలు ఓడల కెక్కించారు. అక్కడి నేతగాళ్ళు గోల పెట్టగా 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసి అడ్డారు. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ మన అద్దకం పనివాళ్ళను అడిగి తెలుసుకొన్న మర్మాలన్నీ ఉత్తరంగా రాసి పంపాడు. ఆయన తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు. తెలుగు చెప్పుకొని బ్రతికే నాకు ఆయనను తిట్టడానికి నోరు రావడం లేదు. 1783లో థామస్ బెల్ రాగి రోలరుతో అద్దే యంత్రానికి పేటెంటు తీసుకొన్నాడు.

ఇప్పుడు చట్టం లేకపోలేదు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద మచిలీపట్నం కలంకారీకి గుర్తింపు వచ్చింది. అయితే అది కాపాడేది పేరును. పేరు వదిలి పువ్వును ఎత్తుకుపోతే ఆ చట్టం పలకదు. 2000 నాటి డిజైన్ల చట్టం పువ్వును కాపాడుతుంది గాని, ఆ పువ్వు కొత్తదై ఉండాలి, ముందుగా నమోదు కావాలి. తాతలనాటి నెమలి కొత్తదెట్లా అవుతుంది? కొత్తగా గీసిన తీగ కోసమైనా బల్ల వదిలి వకీలు చుట్టూ ఎవరు తిరుగుతారు?

పక్క షెడ్డులో పెద్దాయన కొడుకు స్క్రీను అద్దకం వేస్తున్నాడు. పెడనలో చాలామంది అటు తిరిగారు. తండ్రి దాన్ని తప్పనలేదు. "వాడికి పిల్లలున్నారు," అన్నాడు.

శిష్యుడు బేరమాడకుండా చీరె తీసుకొన్నాడు. ఇంకా కరక్కాయ వాసన వేస్తున్నది. పెద్దాయన కాగితంలో చుట్టి ఇస్తూ, మొదటి రెండు ఉతుకులూ విడిగా ఉతకమని, నీడన ఆరవేయమని అమ్మకు చెప్పమన్నాడు.