ఖాళీలు పూరింపుము

బాలాపూర్ అంటే మీకు లడ్డూ వేలం. 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలు పలికిన లడ్డూ. ఆ పక్కనే ఎర్రకుంట, షాహీన్‌నగర్ గల్లీల్లో మేమూ ఉన్నాం.

ఇంట్లో ఉర్దూ. బడిలో తెలుగు. రోజీరోటీకి ఇంగ్లీషు. అందుకే దిల్‌సుఖ్‌నగర్ దాకా బస్సెక్కి, ఐఈఎల్‌టీఎస్ కోచింగుల్లో ఖాళీలు నింపడం నేర్చుకుంటున్నాం. రీడింగులో గంటకు 40 ప్రశ్నలు. రెండు మాటలకు మించొద్దంటే మూడోమాట రాసినా తప్పే. స్పెల్లింగ్ పోయినా తప్పే.

ఈ ఖాళీల పద్ధతికి 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ 'క్లోజ్' అని పేరుపెట్టాడు. చుట్టూ ఉన్న మాటల్నిబట్టి, లేని మాటను చదువరి ఊహించాలి.

ఖాళీలు మాకు కొత్తా? కిరాయికి ఇల్లడిగితే, పేరు విన్నాక ఇంటివాళ్ళు కాసేపు మాట్లాడరు. గడ్డం, టోపీ, బుర్ఖా... చుట్టూ ఉన్న వీటినిబట్టి ఆ ఖాళీని వాళ్ళే నింపేసుకుంటారు.

ఆ పరీక్షలో మాకు నచ్చిన జవాబొకటుంది. నిజం, అబద్ధం కాక మూడోది: 'చెప్పలేదు'. పాఠంలో లేనిదాన్ని సొంతబుర్రలోంచి తెచ్చి రాస్తే మార్కు రాదు. మమ్మల్ని చదివేవాళ్ళకు మాత్రం ఈ రూలు లేదు. మేం అనని మాటకు అవునా కాదా అని నిలదీస్తారు. క్రికెట్ మ్యాచ్ నాడు మీరెటువైపని అడుగుతారు.

మేం దేశం దాటొచ్చు, ఇక్కడే ఉండిపోవచ్చు. ఎక్కడున్నా మా గురించి మేం చెప్పాల్సింది చాలా ఉంది. అందాకా ఆ ఖాళీని ఖాళీగానే ఉండనివ్వండి. నింపే పని మాది.