ఆలంపురము బడిలో పుస్తకాల గది

కర్నూలు మీదుగా హైదరాబాదునకు పోవు జాతీయ రహదారిని ఆలంపురం చౌరస్తాలో విడిచి, తుంగభద్రాతీరమునకు చేరు యాత్రికులలో పెక్కుమంది జోగులాంబను దర్శించి, బాదామి చాళుక్యుల కాలమున వెలసిన నవబ్రహ్మాలయములను చుట్టి చూచి, పొద్దు గుంకకమునుపే మరలిపోవుదురు. నేను పోయిన పని వేఱు. అక్కడి ప్రభుత్వ పాఠశాల యొకదానిలో తెలుగు చెప్పు ఉపాధ్యాయిని తన పాఠములతోపాటు పుస్తకాల గదిని గూడ మనసుపెట్టి నడుపుచున్నదని మిత్రులొకరు చెప్పగా, దానిని కన్నులార చూడవలెనని పోయితిని.

ఈ సీమకును గ్రంథాలయములకును గల సంబంధము నేటిది కాదు. పూర్వపు ఆలంపురం తాలూకాలోని ఇటిక్యాలపాడు వారైన సురవరం ప్రతాపరెడ్డిగారిని 'గోలకొండ పత్రిక' సంపాదకులుగా, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కర్తగా లోకమెఱుగును. కాని 1918లో హైదరాబాదున నెలకొనిన రెడ్డి హాస్టలునకు తరువాతి కాలమున కార్యదర్శియై, పల్లెలు విడిచి చదువునకు వచ్చిన బాలురకొఱకు అందొక చక్కని గ్రంథాలయమును పెంపొందించిన సురవరమును తలచువారు తక్కువ. ఉర్దూ రాజభాషయై, తెలుగునకు బడిలోనే చోటు కఱవైన దినములలో, పిల్లలు తిని పండుకొను చోటనే వారి చేతికి గ్రంథము లందించిన ఆ కార్యము, ఆయన రచనలకు దీసిపోవునది కాదని నా నిశ్చితాభిప్రాయము. నదికి ఆవలి యొడ్డున, కర్నూలులో, 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును జీవితమును ధారవోసిరి. ఆలంపుర శిల్పములను శాసనములను లోకమునకు పరిచయము చేసిన గడియారం రామకృష్ణశర్మగారు ఈ యూర నివసించినవారే; 'సుజాత' పత్రికను గూడ నడిపిరి. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభ లిక్కడ జరిగినపుడు సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు విచ్చేసెను. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించినది ఆ సభలలోనే. ఇట్టి యూరి బడిపిల్లలకు పుస్తక మందుచున్నదా లేదా యని యడుగుట నాకు సహజముగా తోచినది.

గది పెద్దది కాదు. రెండు ఇనుప బీరువాలు, నేలపై పఱచిన జంపఖానా, కిటికీ నుండి కిటికీకి కట్టిన తీగపై క్లిప్పులతో వ్రేలాడదీసిన పలుచని బొమ్మల కథలు, అంతే. బీరువా తలుపులు బార్లా తెఱచియున్నవి. మధ్యాహ్న భోజనము ముగించి, చేతులింకను తడియారని పిల్లలు వచ్చి, అడుగకయే తీసికొని, కూర్చుండి చదువుచున్నారు. టీచరుగారు నా చేతికి ఇష్యూ రిజిస్టరు నిచ్చినారు. తేదీ, పుస్తకము పేరు, విద్యార్థి పేరు, తరగతి, సంతకము అను అచ్చు గళ్ల ప్రక్కన, ఆమె స్కేలుతో గీత గీచి, 'ఎట్లున్నది?' అని తన చేతివ్రాతతో మఱియొక గడి చేర్చినారు. ఏడవ తరగతి బాలు డొకడు అందులో వ్రాసినాడు: "కథ మంచిగున్నది గని రాక్షసుడు తొందరగ సచ్చిపోయిండు." విమర్శకు ఇంతకన్న నిజాయితీ గల ఆరంభము నేనెక్కడను చూడలేదు.

"సార్, ఈ గది నాకు అప్పజెప్పిన నాడు తాళంచెవితో పాటు స్టాక్ రిజిస్టరు గూడ ఇచ్చినారు. లెక్కలో ఒక్క పుస్తకం తగ్గినా నేనే జవాబు చెప్పాలె. అందుకే ముందున్నవాళ్లు బీరువా తీయలేదు. వాళ్లను తప్పు పట్టను. పోయినేడు కొన్ని పుస్తకాలు వాపసు రాలేదు. హెడ్మాస్టరు సారు 'వాడకంలో పోయినవి' అని రాసి సంతకం పెట్టినారు. ఆ సంతకం లేకుంటే నేనూ తాళం వేసుకునేదాన్నే" అని ఆమె చెప్పినారు.

మన బడులలో పుస్తకములు లేవని విలపించుట యొక పరిపాటి యైనది. ఉన్న పుస్తకములు బయటికి రాకుండుటకు కారణము తఱచుగా సోమరితనము గాక భయమని నాకు ఆ గదిలో బోధపడినది. 1952-53 నాటి మాధ్యమిక విద్యా సంఘము, లక్ష్మణస్వామి ముదలియారుగారి యాధ్వర్యమున, దేశములోని పాఠశాల గ్రంథాలయములను పరిశీలించి, పాతబడి బాలుర యభిరుచికి సరిపడని పుస్తకములు కొలది బీరువాలలో పడియున్నవనియు, వాటిని గుమాస్తాలకో ఆసక్తి లేని ఉపాధ్యాయులకో అప్పగించినారనియు బాధపడి, శిక్షణ పొందిన గ్రంథపాలకు డుండవలెనని చెప్పినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును వార్తాపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకములతో గూడిన గ్రంథాలయ ముండవలెనని శాసించినది. చట్టము పుస్తకమును పేర్కొన్నది. దానిని బిడ్డ చేతిలో పెట్టు మనిషిని పేర్కొనలేదు. గురుకులములలో గ్రంథపాలకుల యుద్యోగములు కలవు గాని, సామాన్య ప్రభుత్వోన్నత పాఠశాలలలో ఆ పని యెవరో యొక ఉపాధ్యాయుని యదనపు బాధ్యతగానే మిగిలినది.

ఆ మనిషి ఉపాధ్యాయుడే యెందులకు కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము నాకు పత్తిచేలలో దొరకినది. గద్వాల, ఆలంపురం ప్రాంతములు విత్తనపత్తికి ప్రసిద్ధములు. పూవు పూవునకు చేతితో పుప్పొడి యద్దు 'క్రాసింగు' పని వచ్చినపుడు, వానకాలపు చివరి దినములలో, చేతివ్రేళ్లు చిన్నవని పిల్లలను గూడ చేలకు దింపుదురు. వారములకొలది బడి తప్పును. అట్లు తప్పి తప్పి ఎనిమిదవ తరగతికి వచ్చిన బాలిక యొకతె, మూడవ తరగతి వాచకము సైతము కూడబలుకుకొని చదువునట్టిది, ఈ గది గుమ్మము వద్ద నిలిచి లోపలికి రాకుండెడిదట. తోటివారి యెదుట చిన్నపిల్లల పుస్తకము తీసికొనుట ఆమెకు సిగ్గు. టీచరుగారు బొమ్మల కథ యొకటి చేతిలో పెట్టి, "మీ చెల్లెకు చదివి వినిపియ్యి, ఏమన్నదో రేపు నాకు చెప్పు" అన్నారు. మఱునాడు మఱియొకటి. చెల్లెలి పేరిట ఆ బాలిక చదివిన పుస్తకముల వరుసను రిజిస్టరులో నేను చూచితిని; పోనుపోను వాటి పుటలు పెరుగుచు వచ్చినవి. ఏ బిడ్డ యే మెట్టుపై నిలిచియున్నదో తరగతిలో దినదినము కనిపెట్టు మనిషికి గాక, ఈ యుపాయ మెవరికి తోచును?

గ్రంథాలయశాస్త్ర పితామహుడనదగిన రంగనాథన్‌గారు గణితోపాధ్యాయులు. 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన క్రొత్తలో, ఆ పని యందు మనసు నిలువక, తిరిగి కళాశాలకు పంపుడని కోరుకొనిరి. ఇంగ్లండులో ప్రజలు గ్రంథాలయములను వాడుకొను తీరు చూచిన పిదపనే ఆయనకు ఈ వృత్తిలో విద్యాబోధ కనబడినది. 1931లో వెలువడిన ఆయన పంచసూత్రములలో పుస్తకమును కాపాడుట కన్న పాఠకునికి చేర్చుటయే ప్రధానము.

పంచతంత్రము చదివిన పిల్లలను టీచరుగారు నవబ్రహ్మాలయములకు తీసికొనిపోయి, గోడలపై చెక్కిన కథలను వెదకి పట్టుకొనుడని విడిచిపెట్టుదురట. చదివివచ్చిన కథ తమ యూరి రాతిలో గూడ కలదని తెలిసినపుడు వారి కేకలు ఆగవని ఆమె నవ్వుచు చెప్పినారు.

ఆమెకు లేనిది సమయము. గది తెఱచునది భోజన విరామమున, బడి విడిచిన పిదప. వారపు పీరియడ్లన్నియు పాఠములకే చాలవు. కనుక నా కోరికలు పెద్దవి కావు. ప్రతి ఉన్నత పాఠశాలలోను ఒక ఉపాధ్యాయునికో ఉపాధ్యాయినికో గ్రంథాలయ నిర్వహణలో శిక్షణ యిచ్చి, కాలపట్టికలోనే ఆ పనికి కొన్ని పీరియడ్లు కేటాయింపవలెను. చదువుటలో చినిగినవానిని, పోయినవానిని లెక్కనుండి తొలగించు అధికారము ప్రధానోపాధ్యాయునికి వ్రాతమూలముగా ఈయవలెను. ఆ యొక్క యుత్తరువు ఖర్చు లేని పని, కాని అది వెలువడిన నాడు ఎన్ని బీరువాలు తెఱచుకొనునో! సొంత బడికి పుస్తకములు దానము చేయ నెంచు పూర్వవిద్యార్థులు, కట్టలు పంపుటకు ముందొకసారి స్వయముగా పోయి, ఇష్యూ రిజిస్టరులో చివరి తేదీ యేదో చూచి, గది చూచుకొను ఉపాధ్యాయునితో కూర్చుండి, ఆయనకు కావలసినదేమో యడిగి తెలిసికొందురు గాక యని నా విన్నపము.