విమానానికి గట్టి సామాను

లామింగ్టన్ రోడ్డు మన కామాటిపురం గల్లీలకు నడిచిపోయేంత దూరం. రేడియో, ఎలెక్ట్రానిక్ సామానుకు ముంబయి అంతటా పేరుపడ్డ వీధి అది. అంత దగ్గర వుండి కూడా నలభై యేళ్లు దాటేవరకు ఆ వీధిలో బల్బు తప్ప మేమేమీ కొని యెరగము. ఇప్పుడు మమ్మల్ని చూడగానే అక్కడి దుకాణదారులు "తరాజువాలా వచ్చినాడు" అని నవ్వుతున్నారు. ఆ పేరు తెచ్చిపెట్టినవాడు మా మేనల్లుడు.

వాడికి రేడియోతో నడిచే చిన్న విమానం కట్టవలెనని పట్టుదల. 2023 వేసవికి మొదటిది కట్టాడు. ఆటవస్తువుకు గుమాస్తా జీతంలోనుంచి యెంత తీస్తామని, సామానంతా చవకలో చవక చూసి కొన్నాము. ముంబయిలో యెగరేసే వీలు లేదు. డ్రోనులు, రిమోటుతో యెగిరే విమానాలు కూడదని పోలీసువారు మాటిమాటికి నిషేధపు ఉత్తరువులు ఇస్తూవుంటారు. ఇవ్వకపోయినా మన చాళ్ల మధ్య గాలిపటానికే చోటు చాలదు. కనుక సెలవులకు పెట్టెలో పెట్టుకొని కరీంనగర్ జిల్లాలోని మా వూరికి తీసుకొనిపోయి, ఎండిన చెరువులో యెగరేశాము.

మూడు నిమిషాలు గద్దవలె తిరిగింది. తరువాత తోక మాట వినలేదు. ముక్కు వంచి దిగి, బర్రెలు కాచే పిల్లవాడికి రెండు బారల దూరంలో నేలకు కొట్టుకున్నది. వాడు నవ్వినాడు గాని మాకు కాళ్లలో వణుకు పుట్టింది. ఎనిమిది వందల గ్రాముల వస్తువు, ముందర కత్తివలె తిరిగే పంఖా! విప్పి చూస్తే, తోకను కదిలించే సర్వో అనే చిన్న మోటారులో ప్లాస్టిక్ చక్రానికి రెండు పళ్లు వూడివున్నవి.

మా నాయన మేస్త్రీపని చేసినవాడు. అరుగుమీద కూర్చుండి అంతా విన్నాడు. "ఇటుకలు కొనేటప్పుడు రెండు తీసుకొని ఒకదానితో ఒకటి తట్టి చూస్తరు. ఖంగుమంటె కాలిన ఇటుక, బొద్దుగ మోగితె పచ్చిది. మీరు దీన్ని తట్టి చూసిన్రా?" అని అడిగాడు. చూడలేదు మరి.

ముంబయికి తిరిగివచ్చిన పదిరోజులకు బాటరీ తన గుణం చూపింది. పండుగ సామాను దించుదామని అటక యెక్కితే, అది పూరీవలె ఉబ్బివున్నది. ఈ లిథియం పాలిమర్ బాటరీలు చెడితే లోపల వాయువు పుట్టి ఉబ్బుతవి. అటువంటిదానికి చిల్లిపడినా, మళ్లీ చార్జి పెట్టినా భగ్గుమనవచ్చును. పది అడుగుల గది, కింద గ్యాసుబండ, దాని పక్కనే ఆరుగురం పడుకుంటాము. బాటరీని ఇసుక బకెట్టులో పెట్టి, ఆ రాత్రి వరండాలో కాపలా కాసి, మరునాడు ఎలెక్ట్రానిక్ చెత్త తీసుకొనేవారికి అప్పగించాము.

విమానం మాటే వద్దని యింట్లో తీర్మానమైంది. కాని పిల్లవాడు అన్నం మానేసినంత పని చేశాడు. చివరకు మేమూ వాడితో కూర్చుండి ఒక లెక్క వేశాము. అన్నిటికీ గట్టితనం వెతకనక్కర లేదు. విరిగితే కంటికి కనపడేవి చవకవైనా నష్టం లేదు. ఒళ్లు ఈపీపీ అనే మెత్తని నురుగు అట్టతో చేసుకుంటే కొట్టుకున్నా వంగి లేస్తుంది, విరిగితే జిగురుతో అతుకుతుంది. పంఖా కూడా చవకదే చాలు, అంచు చిట్లితే మాత్రం పారేయవలె. లోపల చెడి, గాలిలో మోసం చేసేవి వేరే వున్నవి. అవి సర్వో, బాటరీ, రిసీవరు, తీగల కొక్కీలు. డబ్బంతా అక్కడ పెట్టాలె.

ఈసారి లామింగ్టన్ రోడ్డుకు వంటింటి ఎలెక్ట్రానిక్ త్రాసు సంచీలో వేసుకొని పోయినాము. మూడు సెల్లుల 2200 మిల్లీ ఆంపియర్ బాటరీ సుమారు 180 గ్రాములు తూగవలె. ఒక దుకాణంలో అదే అంకె అచ్చువేసినది 140 తూగింది! లోపల సరుకు లేనిది బరువెక్కడిది? పైన 25 సి అని వుంటే 55 ఆంపియర్లు ఇస్తుందని అర్థం. మేము అందులో సగమే నమ్ముతాము. మీటరు పెట్టి మూడు సెల్లులూ ఒక్క తీరుగా వున్నవని చూసి మరీ కొన్నాము.

సర్వోకు లోహపు చక్రాలు తీసుకుందామంటే పిల్లవాడే అడ్డుపడ్డాడు. ప్లాస్టిక్‌ది 9 గ్రాములైతే లోహపుది 13 పైన. తోకలో నాలుగు గ్రాములు పెరిగితే ముక్కులో దానికి యెన్నోరెట్లు సీసం కట్టాలి. చివరకు లోహపుదే తెచ్చి, రెక్కలకింద నడుమ బిగించి, అక్కడనుంచి తోకకు సన్నని కమ్మీ వేశాడు. మాకు తోచని వుపాయం! బిగించకముందు టెస్టరు తగిలించి పావుగంట అటూయిటూ ఆడించాము. వణికినది ఒకటి, గరగరమన్నది ఒకటి తిరిగి యిచ్చేశాము. దుకాణదారుడు గొణిగాడు, గొణగనీ.

మోటారు ఎక్కువలో ఎక్కువ 20 ఆంపియర్లు లాగుతుందంటే, దాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ 30ది వేశాము. పసుపుపచ్చని కొక్కీలలో నకలువి సోల్డరు తగలగానే మెత్తబడి సూదులు వంకరపోతవి. అందుకని రెండెక్కువ కొని ఒకదాన్ని ముందే కాల్చి చూశాము. ఇక రిసీవరుకు పరీక్ష యేమంటే, పంఖా వూడదీసి, మోటారు తిరుగుతుండగా చేతిలోని రిమోటు కట్టేయాలె. మోటారు తనంతట ఆగితే మంచిది. ఆగకపోతే ఆ విమానం నేల విడవరాదు.

2024 మే నెలలో అదే చెరువులో మళ్లీ యెగరేశాము. పిల్లలందరినీ కట్టమీద నిలబెట్టి, మా నాయనను కాపలా పెట్టాము. ఎనిమిది నిమిషాలు యెగిరింది. మూడోనాడు తుమ్మచెట్టుకు తగిలి రెక్క విరిగితే, సాయంత్రానికి అతికించాడు. సర్వో అరచేతిలో పెట్టి చూపితే మా నాయన చెవి దగ్గర ఆడించి విన్నాడు.

ఇప్పుడు రెక్కలు వూడదీసి మంచంకింద పెట్టాము. బాటరీని సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర నిలిపి, ఇసుక పోసిన జాడీలో వుంచి, మూత బిగించకుండా వరండా మూలన పెట్టాము. నిండా 4.2 దాకా చార్జిచేసి నెలల తరబడి వదిలితే చెడుతుందట. ఆ జాడీ ఆవకాయదని మా యింటావిడ యిప్పటికీ అడుగుతూనే వున్నది.