తుంగభద్ర ఒడ్డున ఒక వంటిల్లు

కర్నూలుకు మేము పలుమార్లు వెళ్ళాము గానీ ప్రతిసారీ ధార్మిక సభల నిమిత్తమే. రైలు దిగడం, మస్జిదుకు చేరడం, ప్రసంగించడం, తిరిగి రైలెక్కడం. కొండారెడ్డి బురుజును ఆటోలోంచి చూడటమే తప్ప దాని నీడన నిలిచింది లేదు. 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన ఊరిలో మాకు తెలిసినవి రెండు మస్జిదులూ ఒక స్టేషనూ మాత్రమే. ఈసారి మా మదరసాలో చదివి ఆలిమ్ అయిన ఒక శిష్యుని వలీమాకు వెళ్ళి, పాతపట్టణంలోని వారింట మూడు రోజులు ఉన్నాము. హంద్రీ నది తుంగభద్రలో కలిసే చోటును ఫజ్ర్ నమాజు తరువాత తీరికగా చూశాము. ఎండాకాలం గనుక హంద్రీలో నీరు అంతగా లేదు. రాళ్ళ మధ్య కొంగలు తిరుగుతున్నాయి.

వలీమా ఊరి వెలుపల ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. దాని గురించి ఎక్కువ వ్రాయబోము. పాఠకులలో ప్రతి ఒక్కరూ అలాంటి విందును చూసినవారే. సగం తిన్న బిర్యానీ పళ్ళేలు, కొరికి వదిలిన మాంసం ముక్కలు, చెంచా పెట్టి వదిలేసిన డబల్ కా మీఠా గిన్నెలు. చేతులు కడిగే చోట ఉన్న పెద్ద డ్రమ్ము మేము వెళ్ళేసరికే నిండిపోయింది. దుబారా చేసేవారిని దివ్య ఖుర్ఆన్ ఎవరి సోదరులన్నదో మేము ఎన్నో జుమా ప్రసంగాలలో చెప్పి ఉన్నాము. ఆ రోజు మాత్రం డ్రమ్ము ప్రక్కనే చేతులు కడుక్కొని, ఏమీ అనకుండా వచ్చేశాము. అతిథిగా వెళ్ళినవాడు ఏమంటాడు అని మాకు మేము సర్దిచెప్పుకున్నాము.

రాత్రి ఇంటికి రెండు డేగిషాలు వచ్చాయి. శిష్యుని నాయనమ్మకు డెబ్బై అయిదేళ్ళు దాటి ఉంటాయి. ఇంటిల్లిపాదికీ ఆమె దాదీ. ఆమె మూతలు తీయించి వాసన చూశారు. హాలులోనే వేడిగా ఉండగా సర్ది పంపిన షోర్బాను ఒక పక్కకు పెట్టించారు. మధ్యాహ్నం నుంచి రేకుల షెడ్డు క్రింద ఉండిపోయిన బిర్యానీని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు.

"హజ్రత్, పారేయడం పాపమే. పాడైనది పిల్లలకు పెట్టడం అంతకన్నా పాపం కదా?" అన్నారు, పరదా చాటున నిలబడి.

అవునన్నాము. పొదుపు పేరుతో పులిసిపోయిన అన్నాన్ని తినిపించమని షరీఅత్ ఎక్కడా చెప్పలేదు. అయితే ఆ డేగిషాను బయటికి మోసుకుపోతుంటే ఆమె ముఖం తిప్పుకున్నారు. దాని కారణం మాకు మరునాడు తెలిసింది.

మరునాడు ఉదయం నాష్తాకు బజారు నుంచి ఉగ్గాని, బజ్జీ తెప్పిస్తారని అనుకున్నాము. కర్నూలులో అతిథికి అదే మర్యాద. దాదీ అది వద్దని, గూటిలోంచి ఒక గుడ్డ మూట తీయించారు. అందులో రెండు మూడు రోజుల నాటి జొన్నరొట్టెలు ఎండి అప్పడాల్లా ఉన్నాయి. ఈ సీమలో జొన్నరొట్టెను అలా ఎండబెట్టి దాచుకోవడం కొత్త కాదు. రాత్రే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టించిన షోర్బాలో నీళ్ళు పోసి, రెండు పచ్చిమిర్చి చీల్చి వేసి బాగా మరగనిచ్చారు. కొత్తిమీర ఆకు అయిపోయింది, కాడలే మిగిలాయి. వాటినే సన్నగా తరిగి వేశారు. వెడల్పాటి తబక్కులో రొట్టెలను తుంచి పరచి, పైన షోర్బా పోసి, కాసేపు మూత పెట్టారు. తరువాత నిమ్మకాయ పిండి మా ముందు పెట్టారు.

మేము మొదటి ముద్ద నోట పెట్టుకొని ఆగిపోయాము. ఇది సరీద్. స్త్రీలలో హజ్రత్ ఆయిషా (రజి) గారి ఆధిక్యతను దైవప్రవక్త (స) ఏ వంటకంతో పోల్చి చెప్పారో, ఆ వంటకం. ఆ హదీసును మేము ఇరవై ఏడేళ్ళుగా బోధిస్తున్నాము. సరీద్ అంటే రొట్టెను మాంసపు రసంలో నానబెట్టినది అని విద్యార్థులకు అర్థం చెప్పి ముందుకు సాగిపోతాము. ఎవరి ఇంట్లో, ఏ రొట్టెతో అని మాకు ఎన్నడూ తోచలేదు.

దాదీ తన వంటింటి పద్ధతిని చెప్పారు. బజారుకు మనిషిని పంపే ముందు ఇంట్లోని డబ్బాలన్నీ తెరిచి చూడాలి. బీరకాయ తెచ్చిన రోజు కూర, మరునాడు దాని తొక్కుతో పచ్చడి. మిగిలిన అన్నాన్ని అదే పూట ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చితో రుబ్బి పాత చీర మీద వడియాలు పెట్టాలి. ఖుర్బానీ మాంసంలో పంచగా మిగిలినది ఉప్పు, పసుపు పట్టించి తీగ మీద ఎండబెడితే వానాకాలానికి పప్పులో పడుతుంది. గోధుమ రొట్టెలు మిగిలితే నలిపి, బెల్లం, నెయ్యి కలిపితే మలీదా. పెద్ద కోడలు నవ్వుతూ, "అత్తయ్య ఉన్నంతకాలం మా ఇంట్లో చెత్తబుట్టకు ఆకలే" అన్నది.

అప్పుడు దాదీ గోడ వైపు చూపించారు. సున్నం వేసినా, గూటి లోపలి వైపు ఒక మట్టి గీత మిగిలే ఉన్నది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి పాతపట్టణాన్ని ముంచినప్పటి గీత అది. ఇరుగుపొరుగు వారితో కలిసి వీరు ఒక మేడ మీదికి చేరారు. చేతికి అందినది ఒక బొరుగుల సంచి, కొంత బెల్లం, ఎండు మాంసం డబ్బా. పిల్లలకు పిడికెడు, పెద్దలకు అర పిడికెడు. నీరు తీసిన తరువాత క్రిందికి దిగితే, ఏడాదికని కొన్న సోనా బియ్యం బస్తాలు మురుగునీటిలో నాని ఉబ్బి ఉన్నాయి.

"కడిగి ఆరబెడదామన్నాను. డాక్టర్లు వద్దన్నారు. నా చేతులతోనే వీధిలోకి లాగి పోశాను హజ్రత్" అన్నారు. ఆ తరువాత ఏమీ అనలేదు. మేమూ అడగలేదు.

సహీహ్ ముస్లింలో ఒక ఉల్లేఖనం ఉన్నది. దైవప్రవక్త (స) ఇంటివారిని రొట్టెకు నంజుకోవడానికి ఏమైనా ఉందా అని అడిగారు. సిర్కా తప్ప మరేమీ లేదన్నారు. దానినే తెప్పించుకొని, తింటూ దానిని మెచ్చుకున్నారు. ఆ మాట విన్నది మొదలు తనకు సిర్కా ఇష్టమైపోయిందని హజ్రత్ జాబిర్ (రజి) అంటే, జాబిర్ నోట విన్నది మొదలు తనకూ అంతేనని ఆయన శిష్యుడు తల్హా అన్నారు. ఈ పరంపరను చెప్పేటప్పుడు మా తరగతిలో పిల్లలు నవ్వుతారు. గురువు నుంచి శిష్యునికి మాటతో పాటు రుచి కూడా అందిందన్నమాట! షోర్బా వండితే నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారిని కూడా చూసుకోమని హజ్రత్ అబూజర్ (రజి) గారికి చేసిన ఉపదేశమూ ఆ గ్రంథంలోనిదే. దాదీ ఆ ఉదయం పోసిన నీళ్ళతో పక్కింటికి కూడా ఒక గిన్నె వెళ్ళింది.

మూడవ రోజు శిష్యుడు మమ్మల్ని పత్తికొండ వైపు తీసుకువెళ్ళాడు. అక్కడి మార్కెట్‌లో ధర పడిపోయినప్పుడు రైతులు టమాటాలను రోడ్డు పక్కన పారబోసి పోతారని పత్రికల్లో చదవడమే గానీ కళ్ళారా చూడలేదు. ఆ రోజు ధర ఉన్నది. అల్ హందులిల్లాహ్.

తిరుగు రైలులో మాకు దాదీ మాటలకన్నా మా మదరసా వెనుక ఉన్న డ్రమ్మే ఎక్కువ గుర్తుకు వచ్చింది. దాని ప్రక్క నుంచి రోజూ వుజూకు వెళతాము. ఏనాడూ లోపలికి చూడలేదు. వచ్చిన రాత్రే చూశాము. నలభై ఒక్క రొట్టెలు ఉన్నాయి. బావర్చీని పిలిచి కోపంగానే అడిగాము. అతడు శాంతంగా, "గురువారం సాయంత్రం సగం మంది పిల్లలు ఇళ్ళకు పోతారు. ఎందరు ఉన్నారో నాకు ఎవరూ చెప్పరు సాబ్. ఎవరైనా ఆకలితో పడుకుంటారని అందరికీ చేస్తాను" అన్నాడు. చెప్పవలసినవారము మేమే.

ఇప్పుడు అస్ర్ తరువాత ఒక విద్యార్థి లెక్క వ్రాసి వంటింటికి ఇస్తున్నాడు. మిగిలిన రొట్టెలతో మరునాడు ఉదయం సరీద్ చేయించాము. మొదటి రోజు పిల్లలు "నిన్నటి రొట్టె" అని మూతి విరిచారు. షోర్బా పలుచగా ఉన్నదన్న వారి ఫిర్యాదు నిజమే, బావర్చీకి ఇంకా చేయి తిరగలేదు. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక చిన్నవాడు మాత్రం రెండవసారి పెట్టించుకొని, తమ ఇంట్లో నిమ్మకాయ కూడా పిండుతారని చెప్పాడు. మేము నిమ్మకాయలకు మనిషిని పంపబోయి, ముందు వంటింట్లో వెదకమన్నాము. బుట్ట అడుగున నాలుగు దొరికాయి.